వెనక కూర్చున్న ఆకాశం

ఆ రోజు పొద్దున స్నానాలగదిలోంచి ఈల వినిపించేసరికి వంటింట్లో ఉన్న ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అమ్మ పాలగిన్నె మీద మూత పెట్టబోతూ చెయ్యి అలాగే ఆపేసింది. తమ్ముడు చొక్కా గుండీలు పెట్టుకోవడం మానేసి చెవులు రిక్కించాడు. మధ్యాహ్నానికి డబ్బా సర్దుకుంటున్న కూతురు పిచ్చుక గరిటె చేత్తో పట్టుకునే నడవలోకి వచ్చి నిలబడింది.

లోపల నాన్న ఈల వేస్తున్నాడు. మామూలు ఈల కూడా కాదు. ఏదో పాత హుషారు పాట. చెంబుతో నీళ్ళు పోసుకుంటూ, ఆ చెంబుతోనే బకెట్టు మీద తాళం కూడా వేస్తున్నాడు.

"చూశారా, దిగులు దిగమింగుకోలేక ఈల వేస్తున్నారు," అంది అమ్మ గొంతు తగ్గించి.

"దిగులుగా ఉన్నవాళ్ళు తాళం వేస్తారా అమ్మా?" అన్నాడు తమ్ముడు.

"నీకేం తెలుసు? మీ నాన్న ఏదీ పైకి చెప్పుకునే మనిషి కాదు. లోపల్లోపలే కుమిలిపోతారు."

"నిజమేలే. నిన్న రెండోసారి వడ్డించమన్నప్పుడే అనుకున్నా, ఎంతలా కుమిలిపోతున్నాడో అని."

"నోర్మూసుకుని బయల్దేరు నువ్వు," అంది అమ్మ.

పిచ్చుకకి నవ్వు రాలేదు. ఆ ఈల ఆమెకి గుండెలో ఎక్కడో గుచ్చుకుంది. పాపం, మా కోసం సంతోషంగా ఉన్నట్టు కనిపిస్తున్నాడు అనుకుంది. ఇంక ఆలస్యం చేయకూడదు. వచ్చే ఆదివారానికల్లా ఎలాగైనా నాన్న బండిని ఇంటికి తెచ్చెయ్యాలి.

నాన్నని చుట్టుపక్కల వీధుల్లో అందరూ అద్దాలాయన అనేవారు. నిలువుటద్దాలు, అలమార అద్దాలు, దుకాణాల ముందు బిగించే మనిషెత్తు గాజు పలకలు, ఏది కావాలన్నా కొలత ప్రకారం కోసి, అంచులు సానబట్టి, తన పికప్ బండిలో తీసుకెళ్ళి బిగించి వచ్చేవాడు. పిచ్చుకకి ఆ ముద్దుపేరు రావడానికి కారణం కూడా ఆ బండే. చిన్నప్పుడు బండి వెనక అంచున వాలినట్టు కూర్చునేదని నాన్న అలా పిలిచాడు. ముప్పయ్యేళ్ళు దాటి, బస్ డిపోలో టికెట్ కౌంటర్ దగ్గర ఉద్యోగం చేస్తున్నా ఆ పేరు ఆమెని వదల్లేదు. "అద్దాలాయన కూతురివి, చివరికి నువ్వూ అద్దం వెనకే కూర్చున్నావు," అని తమ్ముడు ఏడిపిస్తుంటాడు.

మోకాళ్ళు సహకరించక దుకాణం మూసేసినప్పుడు నాన్న బండిని తెచ్చి పెరట్లో నిలిపాడు. మళ్ళీ దాన్ని కదిలించలేదు. అది వానకి తడిసింది, ఎండకి ఎండింది. నీలం రంగు పొరలు పొరలుగా లేచిపోయి కింద తుప్పు బయటపడింది. గోడ మీది తీగ ఒకటి మెల్లగా దిగి, ముందు చక్రాన్ని చుట్టుకుని, తలుపు చిల్లులోంచి లోపలికి దూరి, స్టీరింగు మీద రెండాకులు వేసింది. నాన్న రోజూ పెరటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని దాని వంకే చూస్తూ కూర్చునేవాడు. పలకరిస్తే ఊ అనేవాడు. కొన్నాళ్ళకి ఆ ఊ కూడా తలూపడంగా మారింది. అమ్మ చెప్పే వీధి కబుర్లకి గానీ, తమ్ముడి వెటకారాలకి గానీ ఆ మొహంలో ఏమీ కదిలేది కాదు.

"బండి మీద బెంగే," అని తేల్చేసింది అమ్మ. "బతుకంతా దాంతోటే గడిచింది కదా. అదలా కుళ్ళిపోతుంటే చూడలేకపోతున్నారు."

పిచ్చుకకీ అలాగే అనిపించింది. నాన్న గొంతు వినాలని ఆమెకి ఎంతగా ఉందంటే, డిపోలో ఎవరైనా పెద్దాయన కౌంటర్ దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, ఒక టికెట్ ఇవ్వమ్మా," అంటే చాలు, ఇంకాస్త మాట్లాడించాలని చూసేది. బండిని బాగు చేయించి నాన్న ముందు నిలబెడితే, ఆ ఇంజన్ చప్పుడుకి ఆయన మాట తిరిగొస్తుందని ఆమెకి గట్టి నమ్మకం. కాకపోతే ముందుగా చెప్తే ఒప్పుకోడు. అందుకని ఇంట్లో ముగ్గురూ కూడబలుక్కుని ఒక అబద్ధం ఆడారు.

"నాన్నా, బండిని తుక్కుకి ఇచ్చేద్దామనుకుంటున్నాం," అంది పిచ్చుక ఒక రోజు. మొహం చూసి చెప్పలేక కిటికీ ఊచల వంక చూస్తూ చెప్పింది.

నాన్న మళ్ళీ బండి వంక చూశాడు. తర్వాత, "నీకు పర్వాలేదా?" అని అడిగాడు.

"నాదేముంది నాన్నా. నీకు?"

"సరే అయితే," అన్నాడు.

తాళ్ళు కట్టి బండిని లాక్కెళ్తుంటే ఆయన గుమ్మం దాకా వచ్చి చూశాడు. తిరిగి వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. సాయంత్రం దీపాలు పెట్టేదాకా లేవలేదు. ఏడ్చి ఏడ్చి పడుకున్నాడేమోనని అమ్మ రెండుసార్లు వెళ్ళి దుప్పటి సర్ది వచ్చింది. మర్నాడు ఆయన పలుగు తీసుకుని, బండి నిలబడ్డ చోట నూనె ఓడి నల్లబడ్డ మట్టినంతా తవ్వి పారబోశాడు. కొత్త మట్టి తెప్పించి చిక్కుడు విత్తనాలు పెట్టాడు. ఆ ఖాళీ చూడలేకే ఈ పని పెట్టుకున్నాడని ముగ్గురికీ అర్థమైపోయింది. గోడవతల ఇంటాయనతో ఎరువుల గురించి మాట్లాడుతుంటే, దుఃఖం మర్చిపోవడానికి ఎంత పాటుపడుతున్నాడో అనుకున్నారు. ఇప్పుడీ ఈల.

బండి మూడు వీధుల అవతల మెకానిక్ షెడ్డులో ఉంది. ఆ మెకానిక్‌ని అందరూ గొణుగుడు బాబాయి అంటారు. మనుషులతో పొడిపొడిగా మాట్లాడి, ఇంజన్లతో మాత్రం పొద్దస్తమానం గొణుగుతూ ఉంటాడు. మొదటిరోజు బానెట్ ఎత్తి చూసి, లోపల ఎండు గడ్డితో కట్టిన పిట్టగూడు కనిపిస్తే దాన్ని రెండు చేతులతో తీసి పిచ్చుక చేతిలో పెట్టాడు.

"ఇది బండి కాదమ్మాయ్. తుప్పుకి చక్రాలు బిగించారు."

"బాగవదా బాబాయ్?"

"అవదని ఎవరన్నారు? ఏమే, అవుతావా అవవా?" అన్నాడు ఇంజన్‌తో. అప్పటినుంచి దాంతోనే మాట్లాడాడు.

డ్యూటీ అయ్యాక పిచ్చుక తిన్నగా షెడ్డుకే వెళ్ళేది. బాబాయి బిగుసుకుపోయిన ఇంజన్‌లో నూనె పోసి నానబెట్టాడు. పెట్రోల్ ట్యాంకు విప్పితే అడుగున జిగురులాంటి మడ్డి పేరుకుని ఉంది. నేలరేకు చివికిపోయి, లోపల కూర్చుంటే కాళ్ళకింద మట్టి కనపడేది. కొత్త రేకు అతికించారు. బ్రేకు గొట్టాలన్నీ మార్చారు. పిచ్చుక ఉప్పుకాగితం తీసుకుని తలుపులు రుద్దేది. చేతులకీ, జుట్టుకీ, చివరికి కనుబొమ్మలకీ ఎర్రటి పొడి పట్టేది. ఒక సాయంత్రం తలుపు చుట్టూ ఉన్న పాత రబ్బరు పట్టీ పీకితే దాని కింద సన్నని గీతలా అసలు నీలం బయటపడింది. ఎండ తగలని చోట అన్నాళ్ళూ అలాగే, నిన్న వేసినట్టు ఉంది. ఆమె చాలాసేపు దాని మీద వేలు ఆనించి కూర్చుంది. "ఇదే రంగు కావాలి బాబాయ్. అచ్చం ఇదే," అంది.

ఆ నీలం చూశాక ఆమెకి ఒకదాని వెనక ఒకటి అన్నీ గుర్తుకొచ్చాయి.

బండి వెనక ఏటవాలుగా ఒక చెక్క చట్రం ఉండేది. దానికి పాత దుప్పట్లు చుట్టి, అద్దాన్ని ఆనించి, తాళ్ళతో కట్టేవాడు నాన్న. అద్దం కదలకుండా చెయ్యి ఆనించి పట్టుకోవడం పిచ్చుక పని. ఏదైనా తేడా వస్తే క్యాబిన్ మీద ఒకసారి కొట్టాలి, నాన్న ఆపుతాడు. రెండుసార్లు కొడితే పోనిస్తాడు. వాళ్ళిద్దరి మధ్యా దారి పొడుగునా మాటలంటే అవే. ఆ అద్దం కొంచెం పైకి వంగి ఉండేది కాబట్టి అందులో రోడ్డు కనపడేది కాదు. మేడల అంచులు, కరెంటు తీగలు, కొమ్మలు, మబ్బులు కనపడేవి. ఇళ్ళు వెనక్కి నడిచిపోయేవి. చెట్టు ఒక పక్కనుంచి మెల్లగా లోపలికి వచ్చి, ఇంకో పక్కనుంచి వెళ్ళిపోయేది. ఆకాశం కూడా ఎక్కి, తన ఎదురుగా కూర్చుని ప్రయాణం చేస్తున్నట్టు ఉండేది ఆమెకి. ఎవరూ గుద్దుకోకుండా నాన్న ప్రతి అద్దం మీదా సుద్దముక్కతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టేవాడు. బళ్ళో లెక్క తప్పయితే పెట్టే గుర్తు అదే. ఇంత బాగున్న ఆకాశాన్ని నాన్న ఎందుకు తప్పు కొట్టాడా అని ఆమె చాలా రోజులు ఆలోచించింది.

ఒకసారి మార్కెట్ మలుపులో ఎవరో సైకిలతను అడ్డం వచ్చాడు. బండి కీచుమంటూ ఆగింది. తాళ్ళు సాగి అద్దం చట్రాన్ని వదిలి ముందుకి వంగింది. ఆకాశమంతా ఒక్కసారిగా ఆమె మీదకి వచ్చింది. ఒక తెల్లని మబ్బు, గుంపుగా ఎగురుతున్న పావురాలు, మధ్యలో తన మొహం, తననే పైనుంచి చూస్తూ. మొహానికి జానెడు ఎత్తున అన్నీ ఆగిపోయాయి. మళ్ళీ తాళ్ళు బిగిసి అద్దం నెమ్మదిగా వెనక్కి వాలింది. ఆమెకి ఏమాత్రం భయం వెయ్యలేదు. ఆకాశం వంగి తనని ముద్దు పెట్టుకోబోయి మానేసినట్టు అనిపించింది. క్యాబిన్ మీద రెండుసార్లు కొట్టింది. బండి కదలడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఆ రోజు నాన్న ఇంటికి వచ్చేదాకా, వచ్చాక కూడా ఆమెతో ఒక్కమాట మాట్లాడలేదు. తను ఏం తప్పు చేసిందో ఆమెకి తెలియలేదు. అడగడానికి ధైర్యమూ చాల్లేదు.

ఇంజన్ మొదటిసారి అంటుకున్న రోజు షెడ్డంతా తెల్లటి పొగ కమ్మేసింది. బాబాయి దగ్గుతూ, "అంత కోపమెందుకే, లేపింది నేను కాదు, ఈ అమ్మాయి," అని ఇంజన్‌తో గొణిగాడు. ఆ గడగడ చప్పుడు వింటూ పిచ్చుక కళ్ళు మూసుకుంది. ఇదే చప్పుడు నాన్న చెవిన పడగానే ఏమవుతుందో ఆమె మనసులో ఎన్నోసార్లు చూసుకుంది. ఆయన కుర్చీలోంచి లేస్తాడు. గుమ్మంలోకి వస్తాడు. తలుపు మీద చెయ్యి వేసి నిమురుతాడు. తర్వాత మాట్లాడతాడు.

ఆదివారం వచ్చింది. వడ్రంగి చేత కొత్తగా చేయించిన చట్రాన్ని బండి వెనక బిగించారు. ఖాళీ బండి తీసుకెళ్తే ఏం బాగుంటుందని పిచ్చుక ఒక నిలువుటద్దం కూడా కొని దాని మీద కట్టించింది. సుద్దముక్కతో ఇంటూ గుర్తు తనే పెట్టింది. తమ్ముడు వెనక ఎక్కి అద్దం పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, నేను పెళ్ళికొడుకులా ఉన్నానా?"

"ఒరేయ్, కూర్చో. పడతావ్."

డిపోలో డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న డ్రైవింగు ఆమెది. వీధి మలుపు తిరుగుతూ గట్టిగా హారన్ కొట్టింది. ఎండ అద్దం మీద పడి ఇళ్ళ గోడల మీద వెలుగు పరిగెత్తింది. పిల్లలు వెంటపడ్డారు. అమ్మ, తనకి ముందే తెలుసు కాబట్టి, ఏమీ తెలియనట్టు చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

నాన్న పాదులకి నీళ్ళు పోస్తున్నవాడు చెంబుతోనే బయటికి వచ్చాడు. బండిని చూశాడు. చెంబు చేతిలోంచి జారిపోయింది.

"ఆపు!" అని అరిచాడు. "ఆపు! వెనక ఎవరు? ఎవర్ని కూర్చోబెట్టావు వెనక?"

ఆయన పరిగెత్తాడు. ఆ మోకాళ్ళతో ఆయన పరిగెత్తగలడని ఇంట్లో ఎవరికీ తెలియదు. బండి ఆగీ ఆగకముందే వెనక్కి వెళ్ళి తమ్ముడి చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. "దిగు! దిగరా! బుద్ధుందా నీకు?"

తమ్ముడు నవ్వబోయి, నాన్న మొహం చూసి మానేశాడు. అది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. చొక్కా ఇంకా వదల్లేదు.

"నాన్నా, మన బండి," అంది పిచ్చుక దిగి వస్తూ. "తుక్కుకి ఇవ్వలేదు. నీ కోసమే..."

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"నాన్నా..."

"నేనడిగానా? పోయింది, పీడ విరగడైందనుకుంటే మళ్ళీ పట్టుకొచ్చి నా గుమ్మంలో పెడతావా? ఆ అద్దం దించండి. ముందు ఆ అద్దం దించండి."

ఎవరూ కదలకపోతే తనే తాళ్ళు విప్పాడు. తమ్ముణ్ణి ఒక పక్క పట్టుకోమని తనొక పక్క పట్టుకుని, అద్దాన్ని నిలువుగా ఎత్తి, గుమ్మం దగ్గర పక్కకి తిప్పి, లోపలికి తీసుకెళ్ళి గోడకి ఆనించాడు. అంత కోపంలోనూ అడుగు తడబడలేదు. అద్దం నేలకి ఆనాకే ఊపిరి వదిలాడు.

ముందు గదిలో నలుగురూ ఆ అద్దానికి ఎదురుగా నిలబడ్డారు. సుద్ద గీతల వెనక నాలుగు మొహాలు.

పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు బెంగ అనుకున్నాం. రోజంతా దాన్నే చూస్తూ కూర్చునేవాడివి. మాట్లాడేవాడివి కాదు. నీ మాట వినాలని... నెలల తరబడి ఆ తుప్పంతా నా చేత్తో గీకాను. నీకిష్టమని."

"నాకిష్టమా?" నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "నీకిష్టమని కదే నేను ఉంచుకుంది!"

అమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది.

"ఇదేంటండీ? నేను ఆ బండి ముందు అద్దం వారం వారం తుడిచింది మీరు బాధపడతారని కదా! నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మంట. పెరడంతా ఆక్రమించింది."

"అయితే మనింట్లో ఆ బండి ఎవరికీ అక్కర్లేదన్నమాట," అన్నాడు తమ్ముడు మెల్లగా. "నన్నెవరూ అడగలేదు గానీ, నాకూ అక్కర్లేదు."

ఎవరూ నవ్వలేదు. నాన్న అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల వంక చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అద్దాలాయనకి అద్దమంటే భయమని ఎవరితో చెప్పుకోను? దుకాణంలో బల్ల మీద ఉన్నంతసేపూ ఏమీ అనిపించేది కాదు. బండెక్కిస్తే చాలు, చేతులు చెమటలు పట్టేవి. అప్పుడు మీ అమ్మ వీడిని కడుపుతో ఉండి మంచం దిగకూడదన్నారు. నా దగ్గర పనిచేసే అతను మానేసి వెళ్ళిపోయాడు. ఒక్క సెలవులే కదా అని నిన్ను ఎక్కించాను. వెనక అంతెత్తు గాజు. దాని పక్కన నువ్వు, ఇంతే ఉండేదానివి. నేను ముందు."

"నాతో ఒక్కమాట చెప్పకూడదూ?" అంది అమ్మ.

"చెప్తే నువ్వు పంపవు. పంపకపోతే ఇది ఏడుస్తుంది. సెలవులయ్యాక కూడా మళ్ళీ ఎప్పుడు నాన్నా, మళ్ళీ ఎప్పుడు నాన్నా అని వెంటపడేది. ఆ మొహం చూసి వద్దనలేకపోయేవాణ్ణి." ఆయన ఆగాడు. "మార్కెట్ మలుపులో ఒకసారి సైకిలతను అడ్డం వచ్చాడు. నీకు గుర్తుండదులే."

"గుర్తుంది," అంది పిచ్చుక.

"బ్రేకు తొక్కాను. వెనక తాళ్ళు కిర్రుమన్నాయి. తర్వాత చప్పుడు లేదు. గాజు పగిలిన చప్పుడూ లేదు, నీ గొంతూ లేదు. తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదు. తిరిగి చూస్తే ఏం కనపడుతుందో అని. అలా ఎంతసేపున్నానో. నువ్వు క్యాబిన్ మీద రెండు దెబ్బలు కొట్టావు చూడు, అప్పటిదాకా నేను బతికి లేను."

పిచ్చుక ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. "నా మీద కోపం వచ్చిందనుకున్నాను. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు నువ్వు."

"నోరు తెరిస్తే ఏడ్చేస్తానని."

 అదే మలుపు, అదే క్షణం. తను ఇన్నేళ్ళూ దాచుకుని, దిగులేసినప్పుడల్లా తీసి చూసుకున్నది అదే. క్యాబిన్ రేకుకి అటుపక్క నాన్న దాన్ని ఇలా మోస్తున్నాడు.

"రోజూ కిటికీలోంచి చూసేది అందుకే," అన్నాడు నాన్న. "అది కదలడం లేదని చూసుకునేవాణ్ణి. చూపు తిప్పితే మళ్ళీ వెనక నువ్వు కూర్చుని ఉన్నట్టు అనిపించేది. మాట్లాడితే ఆ మాటే నోట్లోంచి వచ్చేస్తుందని ఏదీ మాట్లాడేవాణ్ణి కాదు. తుక్కుకి పోయిన రోజు హాయిగా నిద్రపట్టింది."

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ నిద్ర చూసి నేను ఏడ్చాను కదండీ," అంది. ఈసారి అందరికీ నవ్వొచ్చింది. ఏడుపులోంచి వచ్చిన నవ్వు కాబట్టి ఆగడానికి కాస్త సమయం పట్టింది.

"రేపే అమ్మేస్తాను నాన్నా," అంది పిచ్చుక.

 నాన్న ఆమె చేతిని తీసుకుని తిప్పి చూశాడు. గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్రటి తుప్పు ఉంది. తన బొటనవేలితో దాన్ని తుడవబోయాడు. అది పోలేదు.

"అయినా, వెనక ఏముండేదే అంతగా?" అని అడిగాడు. "మళ్ళీ మళ్ళీ వస్తానని ఏడ్చేంతగా ఏం కనపడేది నీకు?"

ఆమె చెప్పింది. ఇళ్ళు వెనక్కి నడవడం, చెట్లు వచ్చి పోవడం, ఆకాశం ఎదురుగా కూర్చోవడం, తప్పు కొట్టిన మబ్బులు. మార్కెట్ మలుపులో ఆకాశం వంగిన సంగతి కూడా చెప్పింది. నాన్న నోరు కొంచెం తెరుచుకుని, కథ వినే పిల్లాడిలా విన్నాడు.

"ముద్దు పెట్టుకోబోయిందా?"

"అవును. మానేసింది."

"నేను రోడ్డు తప్ప ఏమీ చూళ్ళేదు," అన్నాడాయన. చాలాసేపు గుమ్మం బయట నిలబడ్డ నీలం బండి వంక చూశాడు. తర్వాత లేచాడు. "అద్దం వద్దు. ఉట్టి బండే. నేను వెనక కూర్చుంటాను."

"మీరా?" అంది అమ్మ.

"నేనే. అది చూసిందేదో నన్నూ చూడనీ."

తమ్ముడు స్టూలు తెచ్చాడు. పాత దుప్పటి పరిచి, నాన్నని ఎక్కించి, తనూ ఎక్కాడు. "అక్కా, ఈసారి పట్టుకోవాల్సింది అద్దాన్ని కాదు, నాన్నని. నువ్వు చూసి పోనీ." అమ్మ ముందు సీట్లో పిచ్చుక పక్కన కూర్చుని, తలుపుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

పిచ్చుక క్లచ్ వదిలింది. బండి కదిలింది. డిపో ఆవరణలో ఎంత పెద్ద బస్సయినా తడుముకోకుండా తిప్పిన చేతులు ఒక్కసారిగా చల్లబడ్డాయి. నాన్న వెనక ఉన్నాడు. పట్టుకోవడానికి సరైన ఊచ కూడా లేదు. రోడ్డు మీద ఎన్నడూ కనపడనన్ని గుంటలు కనపడుతున్నాయి. ప్రతి సందులోంచీ ఎవరో అడ్డం వచ్చేటట్టే ఉన్నారు. అరచేతుల్లో చెమట పట్టి స్టీరింగు జారుతోంది. వెనక్కి తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది గానీ మెడ తిప్పితే రోడ్డు పోతుంది. ఓహో, ఇదా, అనుకుంది. ఇన్నేళ్ళూ ఇదా. కళ్ళు మసకబారితే మోచేత్తో తుడుచుకుంది.

"కాస్త వేగంగా పోనీవే. నడిచేవాళ్ళు దాటిపోతున్నారు," అంది అమ్మ.

"ఇంతకంటే నా వల్ల కాదమ్మా."

కళ్ళెదుట ఉన్న చిన్న అద్దంలోకి చూసింది. వెనక కిటికీలోంచి నాన్న తల కనపడుతోంది. నెరిసిన జుట్టు గాలికి లేచి ఉంది. ఆయన మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. చెయ్యెత్తి ఒక మేడని చూపించాడు. ఇంకోవైపు తిరిగి మరేదో చూపించాడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"మాట్లాడుతున్నారే!" అంది అమ్మ వెనక్కి తిరిగి. "ఏమంటున్నారు?"

"తెలియట్లేదమ్మా. ఇంజన్ చప్పుడు."

ఆపితే ఆ మాట ఆగిపోతుందేమోనని ఆమెకి భయం వేసింది. ఆపకపోతే వినపడదు. బడి పిల్లల అరుపులు లేని ఆదివారపు వీధి అది, చివర్లో చిన్న పల్లం. పల్లం మొదటికి చేరాక గేరు తప్పించి, తాళం చెవి తిప్పి ఇంజన్ ఆపేసింది. గొణుగుడు బాబాయి చూస్తే చంపేసేవాడు. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచింది. బండి గాలిలో తేలినట్టు, చప్పుడు లేకుండా, మెల్లగా కిందికి దొర్లసాగింది. టైర్ల కింద ఇసుక గరగర తప్ప ఏమీ లేదు. అప్పుడు వెనక కిటికీలోంచి నాన్న గొంతు, మధ్యలో ఎక్కడినుంచో అందుకుని, లోపలికి వచ్చింది.

"...ఈ మేడ మెట్ల దగ్గరి నిలువుటద్దం మనదే. అదిగో, ఆ మంగలి షాపులోది కూడా. ఆ షాపాయన తల్లి రోజూ వచ్చి అందులో చూసుకుని వెళ్ళేదట. ఎప్పుడూ తలెత్తి చూళ్ళేదురా, ఈ వీధికి ఇంత ఆకాశం ఉందా! పిచ్చుకా, వినపడుతోందా? కుడివైపు పై అంతస్తు కిటికీ చూడు, త్వరగా చూడు. అందులో మనం వెళ్తున్నాం."